పురుగు ఒప్పుకున్న వెన్న

కాపురానికి వచ్చిన మర్నాటి పొద్దున లక్ష్మీదేవమ్మ ముఖానికి స్నో క్రీము రాసుకుంది. దానివల్ల పెద్దగా జరిగిందేమీ లేదు. అత్త చెన్నమ్మ ఆమె చెంప దగ్గర ముక్కు పెట్టి ఒకసారి గాలి పీల్చి, చెయ్యి పట్టుకుని దొడ్లోకి తీసుకుపోయి, ఎనుముల తొట్టి మీదికి మెడ వంచి, ముఖం కడిగి పంపింది. కొత్త కోడలి జడలోని కనకాంబరాలు కొన్ని తొట్టిలో పడ్డాయి. ఎనుము ఆ పూలను తినేసింది గానీ నీళ్ళు ముట్టలేదు. మూతి పెట్టి, తుమ్మి, వెనక్కి తిరిగింది.

“చూస్తివా?” అంది చెన్నమ్మ. “ఎనుముకే పడలేదు. ఇంగ పురుగుకు పడతాదా?”

ఆ ఇంట్లో పురుగంటే పట్టుపురుగు. మైసూరు సీమలో బట్లహళ్ళి చుట్టుపక్కల పల్లెల్లో రాగి పైరు వేసుకునేవాళ్ళు ఎంతమందో, రేష్మె ఆకు, అంటే మల్బరీ, నాటుకుని పురుగు మేపేవాళ్ళూ అంతమంది. వెదురు తట్టలు ఒకదాని మీద ఒకటి అంచెలుగా పెట్టి నడింట్లో పురుగును ఉంచుతారు. ఇంటివాళ్ళు పంచలో పడుకుంటారు. పురుగుకు చలేస్తే కుంపటి, ఉక్కపోస్తే తడిగోనె. పాత తోలు విడిచి కొత్త తోలు తొడుక్కునే ముందు పురుగు మేత మానేసి, తలెత్తుకుని, కదలకుండా ఉండిపోతుంది. దాన్ని అక్కడ జ్వరానికి కూర్చోవడం అంటారు. మనిషికి జ్వరమొస్తే కషాయం కాచేవాళ్ళు లేకపోవచ్చు గానీ, పురుగు జ్వరానికి కూర్చుంటే మాత్రం ఇల్లంతా మునివేళ్ళ మీద నడవాలి.

ఇంతటి మహారాజుకు గిట్టనిది ఒకటే, వాసన. పొగాకు, సాంబ్రాణి, మల్లెపూలు, సబ్బు, చివరికి పసుపు కూడా తగలకూడదని, తగిలితే పురుగు మేత మానేస్తుందని, చెన్నమ్మ అత్తగారి కాలం నుంచీ ఆ ఇంటి నమ్మకం. అందుకే ఆడవాళ్ళకు ఏ వాసనా లేని కనకాంబరాలు తప్ప వేరే పువ్వు లేదు. పంట ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నడింటి గడప దగ్గర చెన్నమ్మ కాపలా. లోపలికి వెళ్ళేది ఎవరైనా సరే, ఆమె ముక్కు ముందు నిలబడి మెడ చూపించుకోవలసిందే. పెళ్ళి మాటలకు బాగేపల్లి వైపు నుంచి వచ్చిన గంగప్ప, తలకు సంపెంగ నూనె రాసుకుని వచ్చిన పాపానికి, బావి దగ్గర సీకాయతో తల రుద్దుకుని, తువ్వాలుతో జుట్టు ఆరబెట్టుకుంటూ కూతురి సంబంధం మాట్లాడుకుని పోయాడు. ఆ గంగప్పే లక్ష్మీదేవమ్మ తండ్రి. సిగ్గుపడి ఆయన ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. చెప్పి ఉంటే, అన్న నారాయణస్వామి చిక్కబళ్ళాపురంలో కొనిచ్చిన స్నో డబ్బా ఆమె పెట్టెలో ఈ ఊరిదాకా వచ్చేది కాదు.

ముఖం కడిగించుకుని వచ్చిన పెళ్ళాన్ని చూసి పిళ్ళప్ప నవ్వలేదు. నవ్వకుండా ఉండడానికి ఆకుమోపు విప్పుతున్నట్టు వంగుకున్నాడు. సాయంత్రం ఆమె దొడ్లో ఒంటరిగా ఉన్నప్పుడు వచ్చి, “అమ్మ సరింగా చూసిందో లేదో” అని తానూ ఒకసారి చెంప దగ్గర ముక్కు పెట్టి చూశాడు. తల్లిది గడప దగ్గరి తనిఖీ అయితే, అతనిది గడప బయటి తనిఖీ. పురుగుల్లేని నెలల్లోనూ అది నడిచేది.

పెళ్ళినాటికి లక్ష్మీదేవమ్మది పాలమీగడ లాంటి ఒళ్ళని బాగేపల్లి వైపు చెప్పుకునేవాళ్ళు. చెప్పుకునేవాళ్ళు ఆమె మేనత్తలే గనక అందులో సగం తీసేయవచ్చు. మిగిలిన సగాన్ని ఆ ఇంటి పని తీసేసింది. జ్వరానికి కూర్చున్న పురుగు మీద సున్నపు దుమ్ము చల్లాలి. ఆ సున్నానికి వేళ్ళు పగిలేవి. ఆకు తరిగి తరిగి అరచేతులు నల్లబడేవి. చలికాలం నంది కొండల మీదుగా వచ్చే గాలికి పెదవులు, చెంపలు చిట్లిపోయేవి. ఊళ్ళో వేరే ఆడవాళ్ళయితే ఇంత పసుపో, ఇంత వాసన నూనో పూసుకుని ఊరుకునేవాళ్ళు. ఆమెకు ఆ దారి లేదు.

అయినా అప్పట్లో ఆమెకు అదొక పెద్ద దిగులు కాదు. రెండో ఏట నీళ్ళోసుకుంది. కడుపు కనపడే నాటికి రెండు చెంపల మీదా, ముక్కు మీదా మంగు దిగింది. అడుగంటిన సంగటి రంగు. పక్కింటి తిమ్మక్క, ఊళ్ళో ఎవరికి ఏ నొప్పి వచ్చినా అడగకుండానే మందు చెప్పే మనిషి, గడ్డం పట్టుకుని ముఖం అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇంత నిండుగా పడిందంటే ఆడబిడ్డేనే. దిగులు పడాకు. బిడ్డ బయటపడితే మంగూ పోతాది.”

ఆడబిడ్డే పుట్టింది. తెల్లవారుతుండగా పుట్టింది, ఏడ్చింది, కాసేపు కళ్ళు తెరిచి చూసింది కూడా. పొద్దు నడినెత్తికి రాకముందే పోయింది. పిళ్ళప్ప పాత చీర ముక్కలో చుట్టుకుపోయి ఆకుతోట చివర గట్టు కింద పూడ్చి వచ్చాడు. బావి దగ్గర నీళ్ళు పోసుకుని పురుగుకు ఆకు వేశాడు. పురుగు గూడు కట్టే ముందటి పెద్దమేతలో ఉంది, ఆపడానికి లేదు. తట్టల్లో వాన కురిసినట్టు ఆకు తినే చప్పుడు. పంచలో మంచం మీద ఆ చప్పుడు వింటూ లక్ష్మీదేవమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

పేరు కూడా పెట్టని బిడ్డ గురించి ఏమని మాట్లాడాలో ఎవరికీ తెలియలేదు. తెలియక మాట్లాడలేదు. కొన్నాళ్ళకు అదే వాడుకైపోయింది.

మంగు మాత్రం పోలేదు.

దానితో వచ్చిన చిక్కు ఏమిటంటే, అది చూసినవాళ్ళు ఊరుకోరు. సంతలో, బస్సులో, ఏ పెళ్ళిలోనో తెలియని ఆడవాళ్ళు ఆమె చెంపల వైపు చూసి ముసిముసిగా నవ్వి “ఎన్నో నెలమ్మా?” అని అడిగేవాళ్ళు. మొదట్లో “లేదక్కా” అనేది. ఆ మాటకు ఎదుటివాళ్ళ ముఖాలు వాడిపోవడం, ఆ తర్వాత వాళ్ళు వేసే జాలి ప్రశ్నలు భరించలేక, బట్లహళ్ళి సంతలో గాజులామె అడిగినప్పుడు “అయిదు” అనేసింది. గాజులామె సంబరపడిపోయింది. కడుపుతో ఉన్న పిల్ల చేతులు బోసిగా ఉండకూడదని, వద్దంటున్నా వినకుండా, తన తరపున ఆకుపచ్చ గాజులు మోచేతి దగ్గరిదాకా ఎక్కించి, నుదుటి మీద చెయ్యి పెట్టి దీవించింది. లక్ష్మీదేవమ్మ ఊరిదాకా కొంగు కింద చేతులు దాచుకుని వచ్చింది. దొడ్లో కూర్చుని ఆ గాజులను ఒక్కొక్కటే తీస్తుంటే, సున్నానికి పగిలిన వేళ్ళు మండాయి. ఆ పొద్దు అనుకుంది, ఏది పూసి అయినా సరే ఈ మంగును పోగొట్టుకోవాలని.

ఏది పూసి అయినా అనుకోవడం సులువే. ఆ ఇంట్లో పూసుకునేది ముందు పురుగుకు పడాలి, తర్వాత ముఖానికి పడాలి. తిమ్మక్క చెప్పిన మొదటి మందు జాజికాయ. పాలలో అరగదీసి పూసుకుంటే మంగు మాయమవుతుందట. లక్ష్మీదేవమ్మ తెలివిగా ముందు ఒక రేష్మె ఆకు అంచుకు ఇంత పూసి, విడిగా ఉంచిన అవిటి పురుగుల ముందు పెట్టింది. పురుగులు మేత మాని తలలెత్తి, తప్పు చేసిన పిల్లను పంతులు చూసినట్టు ఆమె వైపు చూశాయి. జాజికాయ పనికిరాదు. గంధం పెట్టింది, మళ్ళీ తలలెత్తాయి. వేపాకుకు తల ఎత్తడమే కాదు, ఒకటి తట్ట దిగి వెళ్ళిపోబోయింది. నిమ్మపండును పురుగు ఏమీ అనలేదు గానీ, ముఖమే ఒప్పుకోలేదు. మిరపకాయ నూరి పూసినట్టు మండి, రెండు రోజులు కొంగు చాటున ఉంది. శనగపిండి ఇద్దరికీ పడింది. కానీ వారం తిరిగేసరికి చెంపలు ఎండిన రొట్టెలా పెళుసుబారాయి. నవ్వితే చిట్లేవి. నవ్వే సందర్భాలు అంతగా లేవు కాబట్టి ఇంకొన్ని రోజులు సాగించింది.

పోయినవి పోగా నిలిచినవి కొన్ని. పొద్దున లేవగానే బియ్యం కడుగుతో ముఖం కడుక్కునేది. ఆకు కోసుకొచ్చాక, ఎండకు ముఖం ఉడికి ఉన్నప్పుడు పిండి జోలికి పోకుండా ఉట్టి నీళ్ళు చల్లుకునేది. ఎండ తగ్గాక పెసరపిండి పలచగా కలిపి, రుద్దకుండా అద్ది తీసేది. రుద్దితే మంగు ఇంకా నల్లబడుతుందని తనకు తానే కనిపెట్టింది. చిక్కబళ్ళాపురం వైపు విరివిగా పండే ఉర్లగడ్డను, అదే బంగాళాదుంపను, చెక్కుతీసి, ఆ చెక్కును మంగు మీద ఆరేదాకా ఉంచుకునేది. వీటన్నిటికీ పురుగు తల ఎత్తలేదు.

ఒళ్ళు చిట్లకుండా ఉండడానికి మాత్రం ఏ నూనే కుదరలేదు. దానికి ఉపాయం చెప్పింది పిళ్ళప్పే. వెన్నకు వాసన ఉంటుంది, కానీ వెన్నను కంచు పళ్ళెంలో వేసి నీళ్ళు పోసి అరచేత్తో రుద్ది, ఆ నీళ్ళు వంచి, మళ్ళీ పోసి, మళ్ళీ రుద్దితే? మొగుడూ పెళ్ళాం మధ్యాహ్నాలు దొడ్డి అరుగు మీద పళ్ళెం పెట్టుకుని ఎదురూబొదురూ కూర్చునేవాళ్ళు. ఆమె చెయ్యి నొప్పి పుడితే అతను రుద్దేవాడు. వెన్న తెల్లబడి, తేలికబడి, నురగలా మారేది. దేని వాసనా ఉండేది కాదు. మొదటిసారి దాన్ని ఆకు అంచుకు పూసి పురుగుల ముందు పెట్టినప్పుడు ఇద్దరూ వంగి చూశారు. పురుగు నింపాదిగా ఆకు తిని, వెన్న పూసిన అంచు కూడా తినేసింది.

“పురుగే ఒప్పుకునింది, ఇంగ నేనేమి చెప్పేది?” అన్నాడు పిళ్ళప్ప, వేలితో కాస్త తీసి ఆమె చెంపకు రాస్తూ. కొన్నాళ్ళకు మంగు పలచబడిందని కూడా అన్నాడు. అద్దం అలా అనలేదు. అయినా ఆమె అద్దాన్ని పక్కన పెట్టి మొగుణ్ణి నమ్మింది.

పురుగు కట్టిన గూళ్ళు అమ్మడానికి పిళ్ళప్ప చింతామణి వెళ్ళేవాడు. అక్కడ చరఖాలు పెట్టి గూటి నుంచి పట్టునూలు తీసేవాళ్ళ వీధి ఒకటి ఉంది. పంట అయ్యాక వెళ్ళేవాడు, తర్వాత్తర్వాత పంట నడుమా ఏదో పని చెప్పి వెళ్ళసాగాడు. దొడ్డి అరుగు మీద పళ్ళెం ముందు లక్ష్మీదేవమ్మ ఒకతే కూర్చోవడం ఎప్పుడు మొదలైందో ఆమెకే గుర్తులేదు. గడప బయటి తనిఖీలు కూడా ఆగిపోయాయి. వయసు మీరుతోంది కదా అనుకుంది. అతనికి ముప్పై ఏళ్ళు కూడా లేవు.

మైసూరును పక్క సీమలతో కలిపి పెద్ద రాష్ట్రం చేసిన ఏడు, చెన్నమ్మకు జలుబు చేసి, తగ్గింది గానీ ముక్కును తీసుకుపోయింది. పొయ్యి మీద పోపు మాడినా తెలిసేది కాదు. ఈ సంగతి నలుగురికీ తెలిస్తే పరువు తక్కువని, “కోడలూ నేర్చుకోవాల కదా” అని గడప కాపలాను లక్ష్మీదేవమ్మకు ఒప్పజెప్పింది.

అట్లా ఆ మధ్యాహ్నం ఆమె గడప దగ్గర ఉంది. పురుగు ఆఖరి జ్వరం లేచి పెద్దమేతలో ఉంది. చింతామణి బస్సు దిగి పిళ్ళప్ప వచ్చాడు. ముందురోజు పోయినవాడు. వాడుక ప్రకారం మెడ వంచాడు. ఆమె ముక్కు దగ్గరగా పెట్టింది.

పౌడరు వాసన. అంగట్లో ఎవరో రాసుకున్నది తగిలిన వాసన కాదు. మెడ వెనక, వెంట్రుకల మొదట్లో, చెమటలో నాని ఉన్న వాసన. దానితో పాటు నలిగిన మల్లెపూలది.

లోపలి నుంచి చెన్నమ్మ కేకేసింది. “ఏమే, చూస్తివా లేదా? వాణ్ణి బిరీన పంపియ్యి, ఆకు ఎయ్యాల!”

బావి దగ్గరికి పొమ్మంటే సరిపోయేది. కానీ ఆ వీధిలో పట్టపగలు మగవాణ్ణి బావి దగ్గరికి పంపడం అంటే, వాసనతో వచ్చాడని చాటించడమే. అరుగు మీద తిమ్మక్క చాట ముందర పెట్టుకుని కూర్చునే ఉంది. అంతకన్నా, లక్ష్మీదేవమ్మ ఇంకొకందుకు ఆగింది. తానుగా అతనే అంటాడేమోనని. ‘నేను నీళ్ళు పోసుకుని వస్తా’ అంటే చాలు. ఎందుకని ఆమె అడిగేది కాదు. పిళ్ళప్ప వంచిన మెడ ఎత్తకుండా గడప వైపే చూస్తూ నిలబడ్డాడు.

“ఏమీ లేదత్తా. వస్తాండారు” అంది లక్ష్మీదేవమ్మ.

అతను లోపలికి వెళ్ళి ఆకు వేశాడు.

నాలుగైదు నాళ్ళకు పురుగు ఒళ్ళు ఉబ్బి, పసుపు తిరిగి, ముట్టుకుంటే పాలు కారడం మొదలైంది. పాలరోగం. ఆ ఏడు వానగాలికి ఇంకో రెండు పల్లెల్లోనూ వచ్చింది. దానికీ పౌడరుకూ పొత్తు లేదని తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పేవాళ్ళే. ఆ ఇంట్లో మాత్రం పురుగు చస్తే వెతికేది ఒక్కటే, వాసన ఎవరు తెచ్చారని. చెన్నమ్మ ఇల్లంతా గాలించి, కోడలి గూట్లోంచి పెసరపిండి చిప్ప, ఉర్లగడ్డ చెక్కులు, వెన్న గిన్నె తెచ్చి వాకిట్లో పెట్టింది. ముక్కు పనిచేయని మనిషి వెన్న గిన్నె ఎత్తి వాసన చూసింది.

“ఇదే! ఇదే తినేసింది నా పురుగును! కుళ్ళిన వెన్న పూసుకుని లోపలంతా తిరిగితివి కదే! నీ మొగానికి నా పంటను బలిచ్చేస్తివి కదే!”

వీధి అంతా చేరింది. తిమ్మక్క నోరు విప్పబోయి, ఆ మందులు చెప్పింది తానేనని గుర్తొచ్చి మూసుకుంది. లక్ష్మీదేవమ్మ పిళ్ళప్ప వైపు చూసింది. చచ్చిన పురుగున్న తట్టలను ఎరువు గుంటకు మోసుకుపోతూ అతను నడుమ ఆగాడు. ఆ వెన్నను రుద్దిన చెయ్యి అది. అది పురుగు ముందు పెట్టి చూసిన కళ్ళు అవి. ఆమె కోరింది పెద్దదేమీ కాదు. చింతామణి సంగతి బయటపెట్టమని కాదు. వెన్నకు వాసన లేదమ్మా అంటే చాలు.

“పోనీలేమ్మా” అన్నాడు పిళ్ళప్ప. “తెలీక చేసింటాది.”

ఇంకో తట్ట ఎత్తుకోవడానికి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత చాన్నాళ్ళు లక్ష్మీదేవమ్మ ముఖానికి ఏదీ పూయలేదు. కడుక్కునేది, అంతే. మంగు నల్లబడింది. చెంపలు చిట్లి, మాని, మళ్ళీ చిట్లేవి. పిళ్ళప్ప చింతామణిలో ఉండే రోజులు ఎక్కువై, ఇక్కడ ఉండే రోజులు తక్కువై, చివరికి పంటకొకసారి చుట్టంలా రావడం దగ్గర నిలిచింది. చరఖాల వీధిలో అతనికి ఒక ఇల్లుందని, ఆ ఇంటామె పౌడరు లేకుండా వాకిట్లోకి కూడా రాదని తిమ్మక్క పూసగుచ్చినట్టు చెన్నమ్మకు చెప్పింది. చెన్నమ్మ ఆ పొద్దు అన్నం తినలేదు. పంట దింపుకుని నడిల్లు ఖాళీ అయిన ఒక మధ్యాహ్నం, ఎక్కడినుంచో ఇంత వెన్న తెచ్చి, కంచు పళ్ళెంలో వేసుకుని, దొడ్డి అరుగు మీద కాళ్ళు చాపుకుని రుద్దడం మొదలుపెట్టింది. నీళ్ళు పొయ్యడం, వంచడం. తెల్లబడ్డాక పళ్ళెం కోడలి వైపు తోసింది.

“నాకు వాసన తెలీదు కదా, నువ్వే చూసుకో” అంది.

అంతకు మించి క్షమాపణ ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు. లక్ష్మీదేవమ్మ కాస్త తీసి తన చెంపకు, కాస్త తీసి ముసలామె పగిలిన మడమలకు రాసింది. అప్పటినుంచీ అత్తాకోడళ్ళు ఒకే గిన్నె వాడుకున్నారు. చెంపలు చిట్లడం మానేశాయి. మంగు మంగుగానే ఉంది. సంతలో “ఎన్నో నెలమ్మా” అనేవాళ్ళు తగ్గారు. ఆమెకు వయసు పైబడింది, అందుకు. ఎప్పుడైనా ఎవరైనా అడిగితే, చెంపను కొంగుతో కప్పుకుని పక్కకు తప్పుకునేది.

అరవయ్యో దశకం సగమయ్యాక, గూళ్ళు తీసుకుపోవడానికి వచ్చిన పిళ్ళప్ప అంగీ జేబులోంచి చిన్న గొట్టంలో ఉన్న పూతమందు తీసి అరుగు మీద పెట్టాడు. తల నెరిసింది. మనిషి సర్దుకుని కూర్చోవడంలోనే ఏదో మొహమాటం.

“బెంగళూరులో తోలు డాక్టరు ఇచ్చింది. మంగుకు దీన్ని మించింది లేదంట. పొద్దున పూసుకోవద్దు, ఎండ తగలరాదంట. చింతామణిలో ఒకామెకు పోయింది” అన్నాడు. ఆ ఒకామె ఎవరో చెప్పలేదు.

ఇంట్లో పురుగు లేదు. పూసుకోవడానికి అడ్డం చెప్పేవాళ్ళు లేరు. కొత్తదాన్ని ఒకేసారి ముఖమంతా పూసుకునే మనిషి కాదు లక్ష్మీదేవమ్మ. ముందు మోచేతి లోపల ఇంత రాసి రెండు రోజులు చూసింది. మంట లేదు, దురద లేదు. తర్వాత చెవి దగ్గర, ఎవరికీ కనబడని చోట, వేలిగోరంత మేర పూసింది. ఇన్నేళ్ళలో ఆమె ఒంటికి ఇంత బాగా పడిన వస్తువు ఇంకొకటి లేదు. కొన్ని వారాలకు చెవి దగ్గర మంగు అంచు చెదిరింది. ఆ తర్వాత ఎడమ చెంప మీద, నేల తడి ఆరినట్టు, పక్కల నుంచి లోపలికి వెనక్కి తగ్గుతూ వచ్చింది.

“ఏమే లక్ష్మీదేవీ, పెండ్లినాటి మొగం వస్తాండాదే నీకు!” అంది తిమ్మక్క, గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పుతూ. “ఇంగొక నెల పూస్తే, నేను గూడా గుర్తుపట్టను.”

లక్ష్మీదేవమ్మ నవ్వింది. చెంప చిట్లలేదు. ఆ వారం కైవారం గుడికి వెళ్ళి వచ్చింది. బస్సులో పక్కన కూర్చున్న ఆడవాళ్ళు ఆమె ముఖం వైపు చూశారు, ఎవరూ ఏమీ అడగలేదు. ఇన్నేళ్ళుగా కోరుకున్నది అదే. ఆ పొద్దు ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, చాలాసేపు అద్దం ముందు కూర్చుంది.

తర్వాత కొన్నాళ్ళకు పాత రేష్మె చెట్లు ముదిరిపోయాయని, పీకేసి కొత్త కడ్డీలు నాటడానికి తోట దున్నించారు. మధ్యాహ్నం కూలివాళ్ళకు సంగటి తీసుకుపోయింది లక్ష్మీదేవమ్మ. కొత్తగా సాళ్ళు బాగా వస్తాయని దున్నేవాడు చివరి గట్టును కూడా చదును చేసి కలిపేశాడు. తప్పేమీ లేదు. అక్కడ ఏముందో అతనికి చెప్పినవాళ్ళు లేరు. నాగలి తీసిన ఎర్రమట్టి అంతా ఒకటిగా, తడిగా, మెత్తగా ఉంది. ఆమె ఆ చివరన నిలబడి ఇక్కడా, ఇంకాస్త అవతలా అని చూసింది. గుర్తుపట్టలేకపోయింది. కూలివాళ్ళు పిలిచేదాకా అక్కడే ఉంది. తర్వాత వచ్చి వాళ్ళకు సంగటి వడ్డించి, గిన్నెలు తీసుకుని ఇంటికి వచ్చింది.

ఆ సాయంత్రం ముఖం కడుక్కున్నాక వెన్న రాసుకుంది. గొట్టం మూత తీయలేదు.

మర్నాడూ తీయలేదు. పొద్దున బియ్యం కడుగు, సాయంత్రం పెసరపిండి, పడుకునే ముందు వెన్న, అన్నీ యథాప్రకారం నడిచాయి. ఎండలోకి వెళ్ళేటప్పుడు కొంగు కప్పుకోవడం ఒకటి మానేసింది. వానలు మొదలయ్యే నాటికి చెదిరిన మంగు మళ్ళీ చెంప నిండా పరుచుకుంది. ముఖం మెత్తగా, ఆరోగ్యంగా ఉంది, దాని మీద మంగు నిండుగా ఉంది. తిమ్మక్క నెత్తి కొట్టుకుంది. చెన్నమ్మకు చూపు ఆనదు గనక ఏమీ అనలేదు.

కొత్త ఆకు మీద తీసిన మొదటి పంటకు గూళ్ళు తీసుకుపోవడానికి పిళ్ళప్ప వచ్చాడు. అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతూ ఆమె ముఖం చూశాడు, గ్లాసు పక్కన పెట్టాడు. గూట్లో సగం కూడా అవ్వని మందు గొట్టం కనబడింది. అతని గొంతులో కోపం కన్నా చిన్నబుచ్చుకోవడమే ఎక్కువ.

“నీకు పడలేదంటే సరే, పడింది. పోతాండాదని అందురూ చెప్తాండారు. ఇన్నేండ్లు దాని కోసరమే కదా నువ్వు పడింది? నేను ఒక్క మంచి పనన్నా చేస్తిననుకుంటి. పోతాండే మంగును మళ్ళా ఏమిటికి పెట్టుకుంటివే?”

లక్ష్మీదేవమ్మ ఖాళీ గ్లాసు తీసుకుంటూ అంది:

“అదీ పోతే, నాకు ఒక బిడ్డ పుట్టిందనేదానికి ఇంగేమి మిగులుతాది?”